పాత వాచీ దొరికిందా? నడవకపోతే, నకిలీ అనిపిస్తే, ధర తేలకపోతే

తాతగారి బీరువాలోనో, హైదరాబాదు ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత సామాను మధ్యనో వాచీ కంటబడగానే తుడిచి మెరిపించాలనిపిస్తుంది. ఆ పని మాత్రం చేయకండి. కేసు (వాచీ బయటి తొడుగు) అంచులు, వెనక మూత మీది అక్షరాలు అరిగాయంటే అది ఏ వాచీయో తేల్చడమే కష్టమవుతుంది.

కీ ఎంత తిప్పినా ఆగదు, వాచీ నడవదు

స్ప్రింగు తెగిందని తీర్పు చెప్పేముందు డయల్ చూడండి. సీకో 5 అని ఉండి, కీ బొడిపె నాలుగు అంకె దగ్గర ఉంటే లోపలున్నది బహుశా 6119, 7009 వంటి నంబరున్న మెషీన్ (వాచీని నడిపే యంత్రం). వీటికి కీ ఇచ్చే ఏర్పాటే లేదు. వాచీని మెల్లగా అటూ ఇటూ ఊపితే లోపలి బరువు తిరిగి స్ప్రింగు చుట్టుకుంటుంది. హెచ్‌ఎంటీ జనతా లాంటి కీ వాచీలో మాత్రం అంతులేకుండా తిరిగితే స్ప్రింగు తెగినట్టే, లేదా దాన్ని పట్టి ఉంచే కొక్కెం జారినట్టే. స్ప్రింగు మార్చడం రిపేరు దుకాణంలో మామూలు పనే.

కీ బిగిసిపోయింది

“ఎక్కువ కీ ఇచ్చి పాడుచేశావు” అని ఇంట్లో ఎవరో ఒకరు నింద మోసే ఉంటారు. పాపం, వారి తప్పేమీ లేదు. నూనె ఎండి చక్రాలు కదలక, నిండిన స్ప్రింగు అలాగే నిలిచిపోయింది. కాస్త ఊపితే నాలుగు టిక్కులు కొట్టి ఆగిపోతే అనుమానం అక్కర్లేదు. మెషీన్ పూర్తిగా విప్పి, కడిగి, కొత్త నూనె వేయించాలి. విప్పకుండా పైనుంచి ఒక చుక్క పెట్రోలు వేస్తానన్నవారికి దండం పెట్టి వచ్చేయండి.

కేసు అరిగింది, డయల్ మాత్రం తళతళలాడుతోంది

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. మన దేశంలో పాత డయళ్ళకు మళ్ళీ రంగు వేసి, పేరు అచ్చు గుద్ది అమ్మడం పెద్ద వ్యాపారం. ఫావ్రే లూబా, వెస్ట్ ఎండ్ వాచీలకు ఈ అలంకారం మరీ ఎక్కువ. పది రెట్లు చూపే భూతద్దం పెట్టండి. అసలు అచ్చులో అక్షరాల అంచులు కోసినట్టు ఉంటాయి. తిరగవేసినదానిలో సిరా పాకినట్టు ఉబ్బుతాయి. నిమిషాల చుక్కలు అంకెల గీతలకు ఎదురుగా పడవు, పక్కకు జరుగుతాయి. స్విస్ వాచీ అయితే ఆరు అంకె కింద ఉండాల్సిన ‘స్విస్ మేడ్’ వంకరగానో, అసలు లేకుండానో ఉంటుంది. తర్వాత వెనక మూత తీయించండి. డయల్ 21 జ్యూయల్స్ (చక్రాల ఇరుసులు అరగకుండా పెట్టే చిన్న రాళ్ళు) అంటూ మెషీన్ 17 అంటే అవి రెండు వాచీల ముక్కలు. దీనికి మందు లేదు, ధర తగ్గించి అడగడమే. మరకలున్నా అసలు డయలే నా లెక్కలో మేలు.

డయల్ మీద పేరు చెరిగిపోయింది

కోఠీ, ఆబిడ్స్ దుకాణాల్లో మీ కళ్ళముందే మూత తీయించండి. పేరు, నంబరు తరచుగా మెషీన్ మీద, అటూ ఇటూ ఊగే బాలెన్స్ చక్రం దగ్గర దొరుకుతాయి. సీకోకైతే వెనక మూత మీది వరుస సంఖ్యే చాలు: మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, రెండోది నెల. 75తో మొదలైతే మే నెల. 1977దా 1987దా అన్నది మెషీన్ నంబరు చెబుతుంది. హెచ్‌ఎంటీ వాచీల తయారీ 1961లో సిటిజన్ సహకారంతో బెంగళూరులో మొదలైంది. చింతల్ వైపున్న హెచ్‌ఎంటీ యంత్రాల కర్మాగారం చూసి ఇది మన ఊరి వాచీ అనుకోకండి.

పచ్చగా ఉంది, బంగారమా?

‘20 మైక్రాన్లు’ అంటే పూత మందం. బెల్టు తగిలే కొనల దగ్గర ఇత్తడి బయటపడుతుంది. ‘స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్’ అంటే స్టీలు మూత ఒక్కటే. మూత లోపల 750 లేదా 18 క్యారెట్ల ముద్ర ఉంటే కంసాలికి చూపించండి, ఆకురాయి మాత్రం పెట్టనివ్వకండి.

ముళ్ళమీది రంగు గోధుమ రంగుకు తిరిగింది

1960లకు ముందు వాచీ అయితే అది చీకట్లో వెలగడానికి పూసిన రేడియోధార్మిక రేడియం కావచ్చు. వెలుగు ఆరినా కిరణాలు ఆగవు. గోకకండి, ఇంట్లో విప్పకండి.

ధర ఎంత?

ఇంటర్నెట్‌లో అడుగుతున్న ధర కాదు, అమ్ముడైన ధర చూడండి. కొనబోయేవారినే విలువ కట్టమంటే వచ్చే జవాబు తెలిసిందే. డయల్, మూత, మెషీన్ ఫోటోలు మూడూ తీసి, కొనే ఉద్దేశం లేని మెకానిక్‌కు ముందు చూపించండి. సర్వీసు ఖర్చు కూడా అప్పుడే అడగండి, మామూలు జనతా వాచీకి అది వాచీ ధరను మించినా ఆశ్చర్యం లేదు.