డిస్కు కనపడలేదంటే, ఎవరికి కనపడలేదు?

మే నెల మధ్యాహ్నం. కడప ఎండకు ఫ్యాను గాలి కూడా సెగలాగే తగులుతోంది. అప్పుడు ఫోన్ వచ్చింది. "అక్కా, కొత్త డిస్కు పెట్టి గంటైంది. సర్వర్లో కనపడ్లా. యాడికి పోయిందో ఏమో!" పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసే కుర్రాడు. ఏడు రోడ్ల దగ్గర మేడ మీద గది, అందులో ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) వేసిన పాత సర్వర్, దాని నిండా మాఘమాసం పెళ్లిళ్లు. ఆ డేటా పోతే ఎంతమందికి జవాబు చెప్పుకోవాలో తలచుకుని వాడికి టెన్షన్.

ఇలా ఫోన్ చేసిన ప్రతివాళ్లనీ నేను అడిగేది ఒకటే. కనపడలేదు సరే, ఎవరికి కనపడలేదు? బయోస్‌కా (ఆన్ చేయగానే ముందు లేచే ప్రోగ్రామ్), కెర్నల్‌కా (లినక్స్ గుండెకాయ), లేక నీకా? ఈ ముగ్గురిలో ఎవరి దగ్గర ఆగిందో తెలిస్తే సగం పని అయినట్టే. అది తెలుసుకోకుండా నెట్‌లో దొరికిన కమాండ్లన్నీ కొట్టుకుంటూ పోతే ఎప్పుడో ఒకసారి తప్పు డిస్కును ఫార్మాట్ చేసి కూర్చుంటారు. ఫార్మాట్ చేసే ఎమ్‌కెఎఫ్‌ఎస్ అన్న కమాండ్ జోలికి చివరిదాకా పోకండి.

ముందు తేలికైన కేసు చెప్పేస్తాను. చాలామంది డిఎఫ్ అన్న కమాండ్ కొట్టి, అందులో లేదు కాబట్టి డిస్కు లేదనుకుంటారు. డిఎఫ్ మౌంట్ అయినవాటినే, అంటే ఒక ఫోల్డర్‌కు తగిలించి వాడుకలో ఉన్నవాటినే చూపిస్తుంది. కొత్త డిస్కు మౌంట్ అయి ఉండదు కదా, ఎట్లా కనిపిస్తుంది? మౌంట్ కానివాటినీ చూపించే ఎల్‌ఎస్‌బిఎల్‌కె కొట్టండి. అక్కడ ఎస్‌డిబి అనో, ఎస్‌డిసి అనో (లినక్స్ డిస్కులకు పెట్టే పేర్లు) మీ డిస్కు సైజుకు దగ్గరి అంకెతో వరుస ఉంటే (8 టీబీ డిస్కుకు 7.3 అని చూపిస్తుంది, కంగారుపడకండి, లెక్కపెట్టే పద్ధతిలో తేడా) డిస్కు క్షేమంగా ఉన్నట్టే. పార్టిషన్ చేసి (భాగాలుగా విభజించి), ఫైల్‌సిస్టమ్ వేసి (ఫార్మాట్ చేసి), మౌంట్ చేసుకోవడమే మిగిలింది. 2 టీబీ దాటిన డిస్కుకు జీపీటీ రకం పార్టిషన్ టేబుల్ (ఏ భాగం ఎక్కడుందో రాసే పట్టిక) పెట్టండి. పాత ఎంబీఆర్ పద్ధతి 512 బైట్ల సెక్టార్లతో (డిస్కులోని చిన్న చిన్న గళ్లు) 2 టీబీ దాటి చూడలేదు.

మా కుర్రాడికి ఎల్‌ఎస్‌బిఎల్‌కెలో కూడా లేదు. అప్పుడు డిమెసేజ్ అన్న కమాండ్ కొట్టి చూడమన్నాను. కెర్నల్ తను చూసింది, చూడనిది అంతా అక్కడ రాసి పెడుతుంది. సాటా (డిస్కును మదర్‌బోర్డుకు కలిపే పద్ధతి) డిస్కు బాగుంటే 'సాటా లింక్ అప్ 6.0 జీబీపీఎస్' అన్న వరుస, దాని కింద డిస్కు మోడల్ పేరు కనిపిస్తాయి. 'లింక్ డౌన్' అని ఉండి పక్కన ఎస్-స్టేటస్ సున్నా అని ఉంటే, ఆ పోర్టు అవతల ఎవరూ పలకడం లేదని అర్థం. 'లింక్ ఈజ్ స్లో టు రెస్పాండ్' అని పదే పదే వస్తుంటే డిస్కు పలకడానికి తంటాలు పడుతోందన్నమాట, కేబులో, పవరో, డిస్కో చూడాలి. వేగం 6.0 ఉండాల్సిన చోట 1.5 అని వస్తే నా మొదటి అనుమానం కేబుల్ మీదే.

కుర్రాడికి వచ్చింది లింక్ డౌన్. ఇక ఫోన్లో తేలదని బండి తీశాను.

డిస్కు పెట్టిన ట్రే మీద రెండు వేళ్లు ఆనించి పట్టుకోండి. తిరుగుతున్న డిస్కుకు సన్నటి వణుకు ఉంటుంది, నిద్రలో ఉన్న పిల్లి వీపు మీద చెయ్యి పెట్టినట్టు. పక్క ట్రేల వణుకు కూడా తగులుతుంది కాబట్టి, వీలైతే సర్వర్ ఆపి, అనుమానం ఉన్న డిస్కు ఒక్కదానికే పవర్ ఇచ్చి చూడండి. నేను అలాగే చేశాను. వణుకు లేదు, చప్పుడు లేదు. డిస్కు అసలు తిరగడం లేదు. పవర్ కేబుల్ మార్చాను, లేదు. పక్క డిస్కు కేబుల్ తెచ్చి పెట్టాను, లేదు. అదే డిస్కును నా బ్యాగులోని యూఎస్‌బీ డాక్‌కు (డిస్కును బయటి నుంచి కలిపే పెట్టె) తగిలిస్తే గిర్రున తిరిగింది!

"ఇది యాడ కొన్నావు నాయనా?" అంటే అప్పుడు బయటపెట్టాడు. విడిగా కొంటే ధర ఎక్కువని ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు కొని, పెట్టె ఊడదీసి, లోపలి డిస్కు తెచ్చి పెట్టాడట. తెలివైన పనే, చాలామంది చేస్తారు. కానీ దాంట్లో ఒక మెలిక ఉంది.

సాటా పవర్ కనెక్టర్‌లో 15 పిన్నులు. మొదటి మూడు ఒకప్పుడు 3.3 వోల్టుల కోసం ఉంచారు. డిస్కులు దాన్ని పెద్దగా వాడుకోలేదు. తర్వాత వచ్చిన సాటా 3.3 ప్రమాణంలో మూడో పిన్నుకు కొత్త పని అప్పగించారు. అక్కడ వోల్టేజ్ ఉన్నంతసేపూ డిస్కు ఆగి ఉండాలి, డేటా సెంటర్లలో దూరం నుంచే డిస్కును ఆపి మళ్లీ లేపడానికి. పాత పవర్ సప్లైకి ఈ సంగతి తెలియదు, అలవాటు ప్రకారం 3.3 వోల్టులు ఇస్తూనే ఉంటుంది. డిస్కేమో నన్ను ఆగమన్నారు కదా అని ఆగిపోతుంది. ఇద్దరి తప్పూ లేదు, మధ్యలో మనం గంటలు గంటలు తలపట్టుకుంటాం.

మందు చాలా చవక. కాప్టన్ టేప్ అని బంగారు రంగులో సన్నటి టేపు ఉంటుంది, మొబైల్ రిపేర్ షాపుల్లో అడిగితే ఇస్తారు. సర్వర్ ఆపేయండి. డిస్కు వెనక డేటా కనెక్టర్ వైపు నుంచి పవర్ పిన్నులు లెక్కపెడితే మూడోది మనకు కావాల్సింది. టేపును బ్లేడుతో సన్నటి పీలికలా కోసి, ఆ పిన్ను మీద అతికించి, అంచును గోటితో అదమండి. చెయ్యి వణికి ఒకటీ రెండూ పిన్నుల మీదికి పడినా ఫర్వాలేదు, నాలుగో దాని మీదికి మాత్రం పోనివ్వకండి. మామూలు సెల్లోటేపు మన ఎండకు జిగురు కారి కనెక్టర్ పాడు చేస్తుంది, అది వద్దు. టేపు గోల వద్దనుకుంటే మోలెక్స్ (పాత నాలుగు పిన్నుల పవర్ కనెక్టర్) నుంచి సాటాకు మార్చే కేబుల్ వాడొచ్చు. మోలెక్స్‌లో 12, 5 వోల్టులే ఉంటాయి, 3.3 రానే రాదు. అయితే ప్లాస్టిక్ కరిగించి పోత పోసిన చవక కనెక్టర్లు వేడెక్కి కాలిన కేసులున్నాయి, వైర్లు విడివిడిగా నొక్కి బిగించిన రకం తీసుకోండి.

టేపు వేసి పెట్టాం. ట్రే మీద వేళ్లు పెట్టమన్నాను వాణ్ని. "వచ్చిందక్కా!" అని అరిచాడు.

అన్ని కేసులూ ఇంత వింతగా ఉండవు. ఒకే పవర్ వైరుకు స్ప్లిట్టర్లు వేసి నాలుగైదు డిస్కులు తగిలిస్తే కొన్ని లేవవు. మూడున్నర అంగుళాల డిస్కు తిరగడం మొదలుపెట్టేటప్పుడు 12 వోల్టుల దగ్గర సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. ఎనిమిది ఒకేసారి లేస్తే ఆ క్షణానికి దాదాపు 190 వాట్లు. ఎమ్.2 రకంలో (మదర్‌బోర్డు స్లాటులో గుచ్చే సన్నటి పలక లాంటి డిస్కులు) సాటావి, ఎన్‌విఎమ్‌ఇవి చూడ్డానికి ఒకేలా ఉంటాయి, స్లాటుకు సరిపడని రకం పెడితే కనపడదు. కొన్ని మదర్‌బోర్డుల్లో ఎమ్.2 స్లాటు నింపితే ఒకటో రెండో సాటా పోర్టులు మూగబోతాయి, మాన్యువల్లో రాసే ఉంటుంది.

బయోస్ దగ్గర ఒక మాట. సర్వర్లో రెయిడ్ కార్డు (కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా చూపించేది) ఉంటే డిస్కు కార్డుకు కనిపించినా లినక్స్‌కు కనపడకపోవచ్చు. కార్డు తను తయారు చేసిన వర్చువల్ డిస్కునే బయటికి చూపిస్తుంది. కార్డు మెనూలోకి వెళ్తే 'అన్‌కాన్ఫిగర్డ్ గుడ్' అని ఉంటుంది, దాన్ని వర్చువల్ డిస్కులో చేర్చాలి, లేదా కార్డు ఒప్పుకుంటే జేబాడ్‌గా, అంటే విడి డిస్కుగా, మార్చాలి. వేరే సర్వర్ నుంచి తెచ్చిన డిస్కు 'ఫారిన్' అని వస్తుంది. అందులో డేటా కావాలంటే ఇంపోర్ట్ నొక్కాలి. పొరపాటున క్లియర్ నొక్కితే ఆ తర్వాత నాకు ఫోన్ చేసినా పెద్దగా లాభం ఉండదు.

సర్వర్ నడుస్తుండగానే డిస్కు పెట్టి, అది తిరుగుతున్నా కనపడకపోతే కెర్నల్‌ను మళ్లీ వెతకమని అడగొచ్చు. సిస్, క్లాస్, ఎస్‌సిఎస్‌ఐ అండర్‌స్కోర్ హోస్ట్ ఫోల్డర్లలోకి వెళ్తే హోస్ట్0, హోస్ట్1 అని వరుసగా ఉంటాయి. ఒక్కోదాంట్లోని స్కాన్ ఫైల్లోకి మూడు మైనస్ గుర్తులు, మధ్యలో ఖాళీలతో, ఎకోతో పంపాలి. సుడో పెట్టి బాణం గుర్తుతో పంపితే పర్మిషన్ లేదంటుంది. ముందు రూట్‌గా (సర్వాధికారాలున్న యూజర్‌గా) మారి చేయండి.

డిస్కు కనపడ్డాక డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్‌సిటిఎల్ మైనస్ ఎ కొట్టి రెండు వరుసలు చూడండి. 199, అంటే సీఆర్‌సీ ఎర్రర్లు (డేటా దారిలో పాడవడం), పెరుగుతుంటే కేబుల్ మార్చండి. 197, అంటే పెండింగ్ సెక్టార్లు (చదవలేక అనుమానంలో పెట్టినవి), సున్నా కాకపోతే డేటా ఇవాళే వేరే చోటికి కాపీ చేసుకోండి. ఇంకొకటి, పాత ఎక్స్‌టర్నల్ పెట్టెలోంచి తీసిన డిస్కులో ముందే ఉన్న ఫైళ్లు ఇక్కడ కనపడకపోవచ్చు. కొన్ని పెట్టెల్లోని బోర్డు డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి రాస్తుంది, లేదా సెక్టార్ సైజు మార్చి చూపిస్తుంది. మళ్లీ అదే పెట్టెలో పెట్టి కాపీ చేసుకున్నాకే డిస్కు ఊడదీయండి.

వచ్చేముందు వాడి ఎఫ్‌స్టాబ్ (ఏ డిస్కు ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఫైలు) తెరిచాను. అన్నీ ఎస్‌డిబి, ఎస్‌డిసి పేర్లతోనే. ఒక డిస్కు చేరితే ఈ పేర్లు అటూ ఇటూ అవుతాయి. బిఎల్‌కెఐడి కొట్టి యూయూఐడీలు (మారని గుర్తింపు నంబర్లు) తీసి రాశాను, పక్కన నోఫెయిల్ (డిస్కు లేకపోయినా ఆగకుండా ముందుకు పొమ్మనే మాట) కూడా. అది లేకపోతే, డిస్కు లేని రోజు సర్వర్ 90 సెకన్లు దానికోసం ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో పడుతుంది. దేవ్ ఫోల్డర్లోని డిస్క్, బై-ఐడీలో చూసి సీరియల్ నంబర్ల చివరి నాలుగు అంకెలు ఒక్కో ట్రే మీద స్కెచ్ పెన్నుతో రాయించాను. ఐదో ట్రే మీద రాసేటప్పుడు, "ఇది టేపు డిస్కు అని కూడా రాయాల్నా అక్కా?" అన్నాడు. రాయమన్నాను.