సెకండ్‌హ్యాండ్ డీజిల్ కారు పొద్దున్నే మొరాయిస్తోందా? ఇంజెక్టర్ల జోలికి పోకముందు ఇది చూడండి

లక్షణం ఇది. పొద్దున సెల్ఫ్ కొడితే ఇంజను గిరగిరా తిరుగుతుంది గానీ అందుకోదు. నాలుగైదు సార్లు కొట్టాక కాస్త తెల్లపొగ వదిలి, వణికి, సర్దుకుంటుంది. ఇంక సాయంత్రం దాకా తాళం తిప్పితే చాలు. కారు కొన్న నెలలోపే ఇది మొదలైతే ‘అమ్మినోడు ముంచేశాడన్నా, ఇంజను పోయింది’ అని దిగాలుగా వస్తారు.

ఎక్కువసార్లు ఇంజనుకేమీ అయి ఉండదు. నేను అడిగే మొదటి మాట, డీజిల్ ఫిల్టరు ఎప్పుడు మార్చారని. ‘కొనంగానే ఆయిలు మార్పించినా’ అంటారు. ఆయిల్ ఫిల్టరు వేరు, డీజిల్ ఫిల్టరు వేరు. మన తిరుపతి, చిత్తూరు వైపు తిరిగే పాత డీజిల్ బండ్లలో చెన్నై, బెంగళూరు నుంచి వచ్చినవి నిండా ఉంటాయి. పదేళ్లు దాటిన డీజిల్ బండి తిరగకూడదన్న నిబంధనకు భయపడి ఢిల్లీలో అమ్మేసినవీ ఉంటాయి. అమ్మాలనుకున్నోడు పాలిష్ చేయిస్తాడు, సీటు కవర్లు వేయిస్తాడు, డీజిల్ ఫిల్టరు మాత్రం మార్చడు. సర్వీసు బిల్లులో ఆ పేరు లేకపోతే మార్చలేదనే లెక్క.

తర్వాత సెల్ఫ్ చప్పుడు వినండి. ఈడ్చుకుంటూ తిరిగితే అది బ్యాటరీ కథ: టెర్మినళ్ల మీద తెల్లబూజు, వదులైన ఎర్త్ వైరు. మీటరు పెడితే బండి ఆగి ఉన్నప్పుడు 12.4 వోల్టులకు పైన ఉండాలి, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. సెల్ఫ్ చురుగ్గా తిరుగుతూ బండి అందుకోకపోతేనే కింద చెప్పింది మీకోసం.

హీటర్ ప్లగ్గులు, అంటే చల్లటి ఇంజను అందుకునేందుకు లోపల వేడి పుట్టించేవి, మార్చమని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. డిసెంబరులో మదనపల్లెలోనో, హార్సిలీ కొండ మీదనో పొద్దున అందుకోకపోతే ఆ మాటకు అర్థముంది. మే నెల తిరుపతిలో, తెల్లారేసరికే చెమటలు పట్టే ఊళ్లో, హీటర్ ప్లగ్గు మీద పడటం ఏందో నాకైతే అర్థం కాదు.

అసలు దొంగ ఎయిర్. డీజిల్ లైనులోకి గాలి దూరడం. నన్ను బాగా ఏడిపించిన జబ్బు ఇదే, ఎందుకంటే దీనికి ఆనవాలు ఉండదు. చాలా పాత బండ్లలో ట్యాంకు దగ్గర పంపు ఉండదు, ఇంజను దగ్గరున్న పంపే డీజిల్‌ను లాక్కుంటుంది. లాగే పైపుకు సందు పడితే డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. స్ట్రాకు చిల్లు పడితే కొబ్బరినీళ్లు కారవు గదా, నోట్లోకి గాలి వస్తుంది, అంతే. కింద తడి లేదు, వాసన లేదు, కాబట్టి లీకు లేదనుకుంటారు. రాత్రంతా ఆ సందులోంచి గాలి చేరి, లైనులో డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. కామన్ రెయిల్ ఇంజన్లలో ఇంజెక్టర్లన్నిటికీ రెయిల్ అనే ఒకే గొట్టంలోంచి డీజిల్ అందుతుంది. చాలావాటిలో ఆ రెయిల్లో 200 బార్ దరిదాపుల్లో ప్రెషరు వస్తేనే ఇంజెక్టర్లు ఇంజనులోకి డీజిల్ చిమ్మడం మొదలుపెడతాయి. పంపుకు డీజిల్ బదులు గాలి అందితే ఆ ప్రెషరు ఎట్ల వస్తుంది?

ఇక్కడే కారు కంప్యూటరులోని తప్పులు చదివే స్కానరు తప్పుదోవ పట్టిస్తుంది. పీ0087 అనే కోడు చూపిస్తుంది. రెయిల్లో ప్రెషరు తక్కువని దాని అర్థం. పంపు పోయిందని అది చెప్పలేదు, చూసినోళ్లు చెప్తారు. నా దగ్గరికొచ్చిన ఒక బండికి అప్పటికే కొత్త బ్యాటరీ, కొత్త హీటర్ ప్లగ్గులు పడ్డాయి, ఇంజెక్టర్లు విప్పి టెస్టుకు పంపి తెచ్చారు. డీజిల్ ఫిల్టరు మూత విప్పితే పాత ఓరింగు, అంటే సందు మూసే రబ్బరు రింగు, గాడిలోనే ఉంది, దాని మీదే కొత్తది కూర్చోబెట్టారు. రెండు ఓరింగుల మీద మూత సరిగ్గా ఎట్ల బిగుస్తుంది?

పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఫిల్టరు దగ్గర చేత్తో నొక్కే పంపు ఉంటే, పొద్దున సెల్ఫ్ ముట్టక ముందే గట్టిపడేదాకా నొక్కండి. మొదట మెత్తగా ఉండి, నొక్కాక బండి టక్కున అందుకుంటే బ్యాటరీ, ప్లగ్గులు, ఇంజెక్టర్లు అన్నీ మర్చిపోండి. ఇంకొకటి: ఒక రాత్రి ముందుభాగం ఎత్తుగా, ఇంకో రాత్రి పల్లంగా ఉండేట్టు ఆపండి. ఎత్తుగా పెట్టిన రోజు మాత్రమే మొరాయిస్తే జవాబు దొరికినట్టే.

సందు ఎక్కడో పట్టాలంటే మేస్త్రీలు లెవెలు చూసే పైపు లాంటి, లోపలిది కనిపించే తెల్ల గొట్టం ముక్క చాలు. ఫిల్టరు తర్వాత, ఇంజను దగ్గరున్న హై ప్రెషర్ పంపుకు ముందు కలిపి బండి స్టార్ట్ చేయండి. బుడగలు ఆగకుండా పోతుంటే గాలి ఉంది. అదే ముక్కను ఫిల్టరుకు ముందు పెట్టండి. అక్కడా బుడగలుంటే తప్పు ట్యాంకు వైపు, లేకుంటే ఫిల్టరు దగ్గరే. గొట్టాన్ని అట్లే వదిలేయొద్దు, డీజిల్ తగిలితే అది గట్టిపడి పగులుతుంది. పంపు తర్వాత ఉండే ఇనుప పైపుల జోలికి మాత్రం ఇంజను నడుస్తుండగా పోవద్దు, ఆ ప్రెషరుకు చర్మం చీలిపోతుంది.

నేను చూసే వరస ఇది: మూత ఓరింగు, అడుగున నీళ్లు వదిలే బిరడా, నీళ్ల సెన్సరు ఓరింగు, ఆ తర్వాత రబ్బరు పైపుల కొసలు. ఇంజను వేడికి కొస గట్టిపడి ఉంటే, పైపు పొడవు సరిపోతే ఒక సెంటీమీటరు కోసి కొత్త క్లిప్పు వేయండి. పైపంతా బీటలిచ్చి ఉంటే పైపే మార్చాలి. ఓరింగు డీజిల్‌కు తట్టుకునేదే కొనండి. బజారులో దొరికే మామూలు రబ్బరు రింగు ఉబ్బిపోతుంది. కొత్తదానికి శుభ్రమైన డీజిల్ రాసి కూర్చోబెట్టండి. ఎంసీల్, టెఫ్లాన్ టేపు తేవద్దు. బిగించాక ఎయిర్ పూర్తిగా తీసి, అప్పుడు సెల్ఫ్ కొట్టండి, అదీ ఒక్కోసారి పది సెకన్లకు మించకుండా.

ట్యాంకులోనే ఎలక్ట్రిక్ పంపున్న బండ్లలో కథ తిరగబడుతుంది. అక్కడ ఇంజను నడిచేటప్పుడు డీజిల్ బయటికే కారుతుంది, కంటికి కనిపిస్తుంది.

మిగతావి పొడిపొడిగా. తిరుమల ఘాట్‌లోనో మొగిలి ఘాట్‌లోనో పికప్ లేక నల్లపొగ కక్కితే ముందు ఎయిర్ ఫిల్టరు, తర్వాత టర్బో హోసు. హోసు చీలిన చోట ఆయిలు జిడ్డు ఉంటుంది. వానాకాలం తర్వాత బండి కుంటితే డీజిల్ ఫిల్టరు అడుగున నీళ్లు వదలండి. బీఎస్6 బండిని ఊళ్లోనే తిప్పి డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) లైటు తెచ్చుకున్నోళ్లు రేణిగుంట దాటి నాయుడుపేట హైవే మీద ఆగకుండా ఓ అరగంట నడపండి, చాలాసార్లు అదే పోతుంది. క్రాంక్ సెన్సరు, కంప్రెషను, పంపు అరుగుదల ఉంటాయి, కాదనను. గొట్టంలో ఒక్క బుడగ కూడా లేదని తేలాకే వాటి సంగతి.

తొందరపడి గాలి పైపులోకి పెట్రోలు, స్టార్టింగ్ స్ప్రే కొట్టించుకోవద్దు. హీటర్ ప్లగ్గు ఎర్రగా ఉన్నప్పుడు అది అంటుకుంటే అప్పుడు నిజంగానే ఇంజను పని పడుతుంది.