ఊహా చరిత్ర రాద్దాం – 4వ పాఠం: గవర్నరు గారి కొలువు

పోయినసారి అభ్యాసాలు చదివాక ఈ వారం చెప్పాలనుకున్నది పక్కన పెట్టేశాను. 1952లో మద్రాసు గవర్నరు శ్రీప్రకాశ, ప్రభుత్వం ఏర్పాటు చేయమని రాజాజీని కాకుండా టంగుటూరి ప్రకాశం గారిని పిలిచి ఉంటే ఏమయ్యేదో రాయమన్నాను. చాలామంది కథల్లో గవర్నరు గిండీ రాజ్‌భవన్‌లో కూర్చుని భూములు పంచేస్తున్నాడు, మంత్రుల్ని కసురుతున్నాడు. ఒకరి కథలోనైతే ఎన్నికల్లో నిలబడి గెలిచాడు కూడా!

అది అమెరికా గవర్నరండీ. మనవాణ్ణి వేసేదీ తీసేదీ రాష్ట్రపతి. మామూలు రోజుల్లో మంత్రివర్గం చెప్పినట్టు సంతకం పెట్టడమే ఆయన పని. సంబంధం కుదిరిపోయాక పెళ్లిళ్ల పేరయ్యతో ఎవరికి పని? ఎవరికీ మెజారిటీ లేనప్పుడే గవర్నరు గడప తొక్కుతారు. 1952లో 375 స్థానాల్లో కాంగ్రెసుకు వచ్చినవి 152. అందుకే శ్రీప్రకాశకు ఎంచుకునే వీలు దొరికింది. రాజాజీ అప్పటికి శాసనసభ్యుడే కాదు, ఆయన్ని శాసనమండలికి నామినేట్ చేసి మరీ కూర్చోబెట్టారు. మళ్లీ 1954 నవంబరులో, అప్పటి ఆంధ్ర రాష్ట్ర రాజధాని కర్నూలులో ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. ఆంధ్ర గవర్నరు త్రివేది చేతికి పని తగిలింది: రాష్ట్రపతి పాలన, 1955లో ఎన్నికలు. మీ కథ ఇలాంటి సందుల్లోనే నడవాలి. మధ్యలోని రిబ్బను కత్తిరింపులన్నీ ఒక్క వాక్యంలో దాటించేయండి, నేనేమీ అనుకోను.

ఇంకోటి. మీ కథలో ప్రకాశం గారు 1952 ఏప్రిల్లోనే ముఖ్యమంత్రి అయిపోయాక కూడా పొట్టి శ్రీరాములు గారు మైలాపూరులో అక్టోబరు 19నే దీక్షకు కూర్చుని, డిసెంబరు 15నే ఎలా పోతారు? దీక్ష ఎందుకు తప్పలేదో చూపించండి, లేదంటే తీసేయండి. దీక్ష తీసేసి, ఆ దీక్షతో వచ్చిన ఆంధ్ర రాష్ట్రానికి 1953లో త్రివేదిని మాత్రం యథాతథంగా కర్నూలులో దింపినవాళ్లూ ఉన్నారు!

నేనైతే కథ కంటే ముందు బదిలీ ఉత్తర్వులు రాసుకుంటాను. శ్రీప్రకాశ అసలు దారి చూడండి: పాకిస్తానులో హైకమిషనరు, అస్సాం గవర్నరు, కేంద్రమంత్రి, మద్రాసు, ఆపైన బొంబాయి. అంతా ఢిల్లీ నమ్మకం మీద నడిచిన కొలువు. రాజాజీని కాదన్నాక కూడా ఢిల్లీ ఆయనకు బొంబాయి ఇస్తుందా? కొందరు ఏకంగా బర్తరఫ్ చేయించారు. నాకది నచ్చదు. మర్యాదగా పొగిడి మళ్లీ అస్సాం పంపితే ఎక్కువ గుచ్చుకుంటుంది.

అభ్యాసం: 1952 నుంచి 1962 దాకా మీ శ్రీప్రకాశ కొలువంతా ఉత్తర్వులు, ఉత్తరాల్లోనే రాయండి. సంభాషణ ఒక్కటీ ఉండకూడదు. ప్రతి బదిలీకి కాగితం మీద ఒక కారణం, లోపల ఇంకో కారణం ఉండాలి. ప్రకాశం ప్రభుత్వం ఒక్కసారైనా పడిపోవాలి, ఆ రాత్రి గవర్నరు ముందుగా ఎవరికి కబురు పెట్టాడో తెలియాలి.