జపాన్‌లో ఉంటూ తక్కువ ఖర్చుతో జపనీస్ నేర్చుకోవాలంటే

జపాన్‌కి కొత్తగా వచ్చినవాళ్లు భాష కోసం వెంటనే ఖరీదైన స్కూల్లో చేరిపోకండి. ముందు మీరుండే ఊరి 'షియాకుషో', అంటే సిటీ ఆఫీసుకు వెళ్లి, 'నిహోంగో క్యోషిత్సు' ఎక్కడ జరుగుతుందో అడగండి. స్థానిక వాలంటీర్లు నడిపే ఈ జపనీస్ క్లాసులు చాలాచోట్ల ఉచితం, లేదంటే ఫీజు నామమాత్రం. ఎక్కువగా వారానికి ఒక్కసారే ఉంటాయి కాబట్టి వీటితోనే భాష మొత్తం వచ్చేయదు. కానీ చెత్త ఏ రోజు వేయాలనే దగ్గర్నుంచి డాక్టరుతో ఎలా చెప్పాలనే దాకా ఓపిగ్గా నేర్పే మనిషి దొరుకుతారు. నా దృష్టిలో అసలు లాభం అదే. చిన్నపిల్లలుంటే వెంట తీసుకురావచ్చో లేదో కూడా కనుక్కోండి.

మిగతా రోజుల్లో ఇంట్లో చదవడానికి జపాన్ ఫౌండేషన్ అనే సంస్థ వారి 'ఇరొదొరి' అనే పాఠ్యపుస్తకం ఉంది. పుస్తకం, ఆడియో రెండూ ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. జపనీస్‌లో మొదట నేర్చుకునే అక్షరాలైన హిరగానా మాత్రం క్లాసుకు వెళ్లేలోపే నేర్చేసుకోండి.