వ్యాయామం నాలుగో రోజుకే ఆగిపోతోందా?

రేపట్నుంచి వ్యాయామం అనుకోవడం, నాలుగో రోజుకి మర్చిపోవడం చాలామందికి మామూలే. అలారం పెట్టినా ఆపేసి పడుకుంటాం. దానికంటే, ఎలాగూ రోజూ చేసే పనికి దీన్ని తగిలిస్తే నయం.

పొద్దున పళ్లు తోముకుని బయటికి రాగానే గోడకు చేతులు ఆనించి 5 పుషప్స్ తీయండి. (బాత్రూమ్‌లో వద్దు, తడికి కాలు జారుతుంది.) నిమిషం కూడా పట్టదు. ఓపిక ఉన్నా మొదటి 2 వారాలు 5 దాటొద్దు, తర్వాత వారానికి 2 చొప్పున పెంచుకోవచ్చు. ఒకరోజు తప్పితే మర్నాడు రెట్టింపు చేయక్కర్లేదు, మామూలు లెక్కే.

తగిలించే పని మాత్రం రోజూ తప్పకుండా జరిగేదై ఉండాలి. ‘ఆఫీసు నుంచి రాగానే’ అని పెట్టుకుంటే సెలవు రోజున గొలుసు తెగుతుంది. భుజం, మణికట్టు నొప్పి ఉన్నవాళ్లు పుషప్స్ బదులు కుర్చీలోంచి 5 సార్లు లేచి కూర్చోవచ్చు.