ఇంటి నుంచి కొట్టానికి కరెంటు: కాలువ తవ్వకముందే తేల్చుకోవాల్సినవి

వరంగల్ జిల్లా వర్ధన్నపేట దగ్గర మా ఊళ్లో ఇంటి వెనక కొట్టానికి మొదటిసారి కరెంటు తీసుకెళ్లినప్పుడు నేను అడిగింది ఒకటే: ఎన్ని మీటర్ల వైరు పడుతుంది? ఎలక్ట్రీషియన్ అడుగులేసి లెక్కపెట్టి, "నలభై ఐదు. రెండున్నర వైరు సరిపోతదన్నా, ఏం గాదు" అన్నాడు. రెండున్నర అంటే వైరు అడ్డకోత 2.5 స్క్వేర్ ఎంఎం. రెండు బల్బులకు నిజంగానే సరిపోయింది. రెండేళ్లకు 2 హెచ్‌పీ గడ్డి మిషన్ పెట్టాం. పొద్దున బాగానే తిరిగేది. సాయంత్రం వోల్టేజీ పడిపోయే వేళకి మాత్రం గుయ్యిమని మూలుగుతూ ఉండిపోయేది. రెండు కెపాసిటర్లు మార్చాక గానీ తప్పు మిషన్‌ది కాదు, వైరుదని అర్థం కాలేదు.

పని చేసేది లైసెన్సున్న కాంట్రాక్టర్ మనుషులే కావాలి, రూలు కూడా అదే. కానీ ప్లాన్ ఇంటివాళ్లదే. వచ్చే ఐదేళ్లలో కొట్టంలో ఏమేం పెడతారో ఎలక్ట్రీషియన్‌కి ఎలా తెలుస్తుంది? కేబుల్ పాతే కాలువ తవ్వేది ఒక్కసారి. అందుకే ఆలోచనంతా ముందే అయిపోవాలి.

ముందు కాగితం, తర్వాత కేబుల్

కొట్టంలో, మోటర్ రూంలో, స్టోర్ గదిలో ఇప్పుడున్నవీ, రేపు రాబోయేవీ అన్నీ రాయండి. ఎల్‌ఈడీ బల్బులు, ఫ్యాన్లు, సీసీ కెమెరా లెక్కలోకి పెద్దగా రావు. లెక్క మార్చేవి మోటర్లే. సింగిల్ ఫేజ్ మీద 1 హెచ్‌పీ నీళ్ల మోటరు సుమారు 7 ఆంపియర్లు, 2 హెచ్‌పీ గడ్డి మిషన్ సుమారు 12 ఆంపియర్లు లాగుతాయి. సరైన అంకె మోటరు మీది రేకులోనే రాసి ఉంటుంది. రెండూ కలిసి నడిస్తే బల్బులతో 20 అనుకుందాం. 3 హెచ్‌పీ, ఆపైన ఆలోచన ఉంటే త్రీఫేజ్ సంగతి ఇప్పుడే తేల్చుకోండి.

ఇక పొడవు. ఇంటి నుంచి కొట్టం కనిపించేంత దూరం కాదు, కేబుల్ వెళ్లే దారి కొలవాలి: డీబీ (మెయిన్ స్విచ్‌లుండే పెట్టె) నుంచి గోడ దిగి, బావి చుట్టూ తిరిగి, అవతల గోడ ఎక్కేదాకా. కరెంటు పోయి రావాలి కాబట్టి సింగిల్ ఫేజ్‌లో ఆ పొడవుకు రెట్టింపు వేసుకోవాలి. మా 45 మీటర్లు అలా 90 అయ్యాయి.

రాగి వైరుకు కిలోమీటరుకు నిరోధం సుమారుగా ఇలా ఉంటుంది: 2.5 స్క్వేర్ ఎంఎంకి 7.4 ఓమ్‌లు, 4కి 4.6, 6కి 3.1, 10కి 1.8. మా 2.5 వైరు 90 మీటర్లకు 0.67 ఓమ్. దీన్ని ఆంపియర్లతో గుణిస్తే వైరులో పోయే వోల్టులు వస్తాయి. మిషన్ తిరుగుతున్నప్పుడు 12 ఆంపియర్లకు పోయేది 8 వోల్టులే, ఎవరికీ తెలియదు. కానీ మోటరు లేచే క్షణంలో మామూలుకు ఐదారు రెట్లు లాగుతుంది. 60 ఆంపియర్లనుకుంటే వైరులోనే 40 వోల్టులు పోతాయి. సాయంత్రం ఇంట్లోనే 200 ఉంటే మిషన్ దగ్గర మిగిలేది 160. మోటరు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి 160 దగ్గర అది సగానికి కిందికి వస్తుంది. ఇక మూలగక ఏం చేస్తుంది?

ఇంటి నుంచి కొట్టం దాకా 3 శాతం, అంటే దాదాపు 7 వోల్టులకు మించి పోకుండా చూసుకుంటే హాయి. 20 ఆంపియర్లకు మా దూరంలో 6 స్క్వేర్ ఎంఎంలో పోయేది ఐదున్నర వోల్టులు. కేబుల్ వేడెక్కితే ఆరున్నర దాటుతుంది. కాగితం మీద పాసే. అయినా నేను 10 వేయించాను. రాగి ధర చూసి గుండె జారితే 16 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం ఆర్మర్డ్ (ఇనుప కవచం ఉన్న) కేబుల్ దాదాపు అదే పని చేస్తుంది. కాకపోతే అల్యూమినియాన్ని సరైన లగ్గులతో (వైరు చివర నొక్కి తొడిగే లోహపు ముక్కలతో) బిగించాలి. మెలిపెట్టి టేపు చుట్టేస్తే ఆ జాయింటే ఒకరోజు కాలుతుంది.

మీటరు దగ్గర

కొట్టం లైను మీటరు తర్వాత, మెయిన్ స్విచ్ తర్వాత మొదలవ్వాలి. దానికి సొంత డబుల్ పోల్ ఎంసీబీ ఉండాలి, అంటే లోడు ఎక్కువైతే ఫేజ్‌నీ న్యూట్రల్‌నీ కలిపి తనంతట తానే తెంచే స్విచ్. మోటర్లు ఉన్నాయి కాబట్టి సి రకం, అది మోటరు లేచే క్షణపు లాగుడుకు ట్రిప్ కాదు. మా 10 కేబుల్‌కు 32 ఆంపియర్లది పెట్టాం. ఎంసీబీ అంకె కేబుల్ మోయగలిగేదానికన్నా ఎప్పుడూ తక్కువే ఉండాలి. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని పెద్దది పెట్టించుకునే అలవాటు మనవైపు చాలా ఉంది. అలా చేస్తే కాపలా వాణ్ణి పంపించేసినట్టే.

లోడు పెరిగితే మనవైపు కరెంటు కంపెనీ ఎన్‌పీడీసీఎల్ దగ్గర అదనపు లోడుకు దరఖాస్తు పెట్టుకోవాలి. వెనక గదిలో కిరాణా దుకాణమో, వెల్డింగ్ పనో పెడితే అది ఇంటి కేటగిరీలోకి రాదు. 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 126 (అనుమతి లేని వాడకం) కింద కేసు రాస్తారు. విడిపోయిన అన్నదమ్ముల ఇంటికి మీ మీటరు నుంచి లాగినా అంతే. బావి దగ్గరి ఉచిత కరెంటు నుంచి ఇంటికి లాగడం గురించి చెప్పనక్కర్లేదు. ఇంకో సంగతి: గడ్డి మిషన్ నిండు లోడుతో రోజూ గంట తిరిగితే నెలకు దాదాపు 60 యూనిట్లు. గృహజ్యోతి (నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు పథకం) సున్నా బిల్లు వస్తున్న ఇల్లయితే 200 గీత ఎక్కడుందో చూసుకుని దిగండి.

దారి

వెదురు కర్రల మీద, జీఐ తీగకు కట్టి వైరు లాగడం అందరికీ తేలిక. వరిగడ్డి ట్రాక్టరు ఒక్కసారి తగిలితే తెగుతుంది. ఆ జీఐ తీగనే ఇంట్లోవాళ్లు దండెం చేసుకుంటారు. వైరు తోలు ఒరిసి, వానలో తడి బట్టలు ఆరేస్తూ చనిపోయిన వార్తలు మన పేపర్లలో వానాకాలమల్లా వస్తూనే ఉంటాయి. నా ఓటు భూమిలో వేసే ఆర్మర్డ్ కేబుల్‌కే. పందికొక్కు పళ్లకు ఉత్త పీవీసీ పైపు ఒక లెక్క కాదు.

లోతు రెండున్నర అడుగులు. కింద ఇసుక, దాని మీద కేబుల్, మళ్లీ ఇసుక, పైన ఇటుకలు వరసగా, ఆ పైన హెచ్చరిక టేపు. నీళ్ల పైపుకు కనీసం అడుగు దూరం. చల్క (ఎర్ర ఇసుక) నేలైతే మృగశిర వానలు పడి మెత్తబడ్డాక తవ్వించండి, ఎండాకాలంలో గడ్డపార ఎగిరిపడుతుంది. నల్లరేగడిలో అయితే ఎండకు నేల పగిలి కదులుతుంది కాబట్టి కేబుల్‌ను బిగించి లాగకుండా కాస్త వదులుగా పరచి, రెండు చివరలా ఒక చుట్టు మిగల్చాలి. అదే కాలువలో తాడు దూర్చిన ఖాళీ పైపు ఒకటి వేయండి. కెమెరా వైరుకో, ఇంకో దానికో తప్పకుండా పనికొస్తుంది.

ఎర్తు

ఊళ్లలో ఇప్పటికీ ఒక్క ఫేజ్ వైరే లాగి, న్యూట్రల్‌కు బదులు నేలలో కడ్డీ పాతేవాళ్లున్నారు. బల్బు వెలుగుతుంది. ఆ కడ్డీ చుట్టూ తడి నేల మీద కాలు పెట్టిన మనిషి, పశువు బతకడం అదృష్టం మీద ఉంటుంది. ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ మూడూ ఇంటి నుంచే వెళ్లాలి. కేబుల్ మీది ఇనుప కవచాన్ని కూడా గ్లాండ్లతో (కేబుల్ చివర పట్టి ఉంచే బిరడాలతో) బిగించి ఎర్తుకు కలపాలి. కొట్టంలో న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ ఎక్కడా ఒకటి చేయకూడదు.

కొట్టం పక్కన ఇంకో ఎర్త్ పిట్ తీయించండి: ఎనిమిది అడుగుల జీఐ పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు. చల్క నేల వేసవిలో ఎండిపోతుంది కాబట్టి నీళ్లు పోస్తూ ఉండాలి. అయినా పిట్‌ను ఒక్కదాన్నే నమ్ముకోకండి. పిట్ నిరోధం 20 ఓమ్‌లు అనుకుందాం. మోటరు బాడీకి ఫేజ్ తగిలితే నేలలోకి పోయేది 230ని 20తో భాగిస్తే 11.5 ఆంపియర్లు. 32 ఎంసీబీ దీనికి కదలదు. అంతసేపూ మోటరు బాడీ, దాన్ని ఆనుకున్న పైపులు, రేకులు అన్నీ కరెంటుతోనే ఉంటాయి. మనకు చెప్పులుంటాయి. బర్రె తడి గచ్చు మీద నాలుగు కాళ్లతో నిలబడి ఉంటుంది, ముందు పడిపోయేది అదే.

అందుకే కొట్టం డీబీలో కరెంటు నేలలోకి కాస్త కారినా క్షణంలో తెంచేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండి తీరాలి. ఇంట్లో ఉన్న ఆర్‌సీసీబీ తర్వాత నుంచి కొట్టం లైను తీయకండి. కొట్టంలో చెమ్మకు ట్రిప్ అయినప్పుడల్లా ఇల్లంతా చీకటైపోతుంది. బర్రెలను కట్టే ఇనుప పైపులు, రేకుల కప్పు, నీళ్ల తొట్టి పైపు అన్నిటినీ ఎర్తుకు కలపమనండి. ఆర్‌సీసీబీ లోడు ఎక్కువైతే కాపాడదు, దానికి ఎంసీబీలు వేరే ఉండాలి.

కాలువ పూడ్చేముందు

కేబుల్‌ను వైరు తోలు బాగుందో లేదో చెప్పే 500 వోల్టుల మెగ్గర్‌తో చూడమనండి, రీడింగు 1 మెగా ఓమ్ దాటాలి. కొత్త కేబుల్‌కు దానికన్నా ఎంతో ఎక్కువే చూపిస్తుంది. కనెక్షన్ ఇచ్చాక గడ్డి మిషన్ తిప్పుతూ కొట్టంలో వోల్టేజీ ఎంతుందో చూడండి, తర్వాత ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కండి. ఆ బటన్‌ను నెలకోసారి నొక్కడం మా ఇంట్లో అమ్మ పని, కరెంటు బిల్లు వచ్చిన రోజే చేస్తుంది.

పూడ్చకముందే కొలత టేపు పరచి ఫోన్‌లో ఫొటోలు తీయండి. గోడ నుంచి ఎన్ని అడుగులు, ఎక్కడ మలుపు తిరిగింది అన్నీ గీసిన కాగితం మా డీబీ తలుపు లోపల అతికించి ఉంది. మొన్న నీళ్ల పైపు కోసం వచ్చిన జేసీబీ డ్రైవర్‌కు ముందు అదే చూపించాను. అతను బకెట్ పక్కన పెట్టి, కేబుల్ ఉన్న చోట ఆరడుగులూ పారతో తవ్వించాడు.