వాన ముదరకముందే: రోడ్డు పక్కన పడుకునేవాళ్ల కోసం

ఆగస్టు, సెప్టెంబరు అంటే కృష్ణకు వరద వచ్చే నెలలు. విజయవాడలో వార్డు సచివాలయాల్లో, సేవా బృందాల్లో ఉన్నవాళ్లు ముందే చూసుకోవాల్సినవి:

– రాత్రి పది దాటాక వీధుల్లో తిరిగి, బయట పడుకునేవాళ్ల లెక్క రాసుకోండి. పగటి సర్వేలో వీళ్లు కనపడరు. కృష్ణా ఘాట్లు, బస్టాండు, రైల్వే స్టేషన్, ఫ్లైఓవర్ల కింద చేరేది అప్పుడే. లెక్కలో లేని మనిషి కోసం పడవ రాదు.

– ఫోన్ మెసేజ్‌ని నమ్ముకోకండి. ఫోన్ ఉన్నా చార్జింగ్ ఉండదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 3.97 లక్షల క్యూసెక్కులకు ఇస్తారు. 2024 సెప్టెంబరులో వరద 11 లక్షలు దాటింది. మొదటి హెచ్చరికకే మనిషి వెళ్లి నోటితో చెప్పాలి.

– పునరావాస కేంద్రం గేటు దగ్గర ఆధార్ అడగొద్దని సిబ్బందికి ముందే చెప్పండి. కార్డు లేక వెనక్కి తిరిగినవాళ్లు మళ్లీ ఫ్లైఓవర్ కిందికే పోతారు.

– మూటలకు, రిక్షాకు, వెంట ఉండే కుక్కకూ చోటు చూడండి. అవి వదిలి రమ్మంటే చాలామంది కదలరు. మనమైతే ఇంటికి తాళం వేసుకుని బయల్దేరతాం, వాళ్లకు ఆ తాళం ఏది?

– టీబీ, ఫిట్స్ మందులు వాడేవాళ్లకు ప్లాస్టిక్ కవర్లు ఇవ్వండి. తడిస్తే పోయినట్టే.

– దగ్గర్లోని టీ కొట్టువాళ్ల నంబర్లు తీసుకోండి. ఎవరు ఎక్కడ పడుకుంటారో వాళ్లకే బాగా తెలుసు.